ఓడకు పోయే బిడ్డ మందుల సంచి

పిల్లవాడు దూరప్రయాణమైనాడంటే మన ఇండ్లలో ఎవరికి తోచినది వారు మూటగట్టడం ఆనవాయితీ. అమ్మ ఆవకాయ జాడీకి గుడ్డ బిగిస్తుంది. అమ్మమ్మ కందిపొడి, కారప్పొడి చేయిస్తుంది. తండ్రి మందుల షాపుకు పోయి నాలుగు రకాల మాత్రలు కొని తెస్తాడు. "ఒరే అబ్బాయీ, ఇది జ్వరానికి, ఇది జలుబుకు, ఇది విరేచనాలకు, మరచిపోకు సుమా" అని చెప్పి పెట్టె అడుగున సర్దుతారు. ఆ పిల్లవాడు పోయేది పొరుగూరికైతే ఇందులో అంత చింతించవలసినది లేదు. ఓడ మీద ఉద్యోగానికి పోయేవాడైతే మాత్రం ఆ సంచిని మరొకసారి విప్పి చూడడం మంచిది.

సముద్రానికి ఇంత దూరాన, కొండల నడుమ ఉన్న జయపురంలో ఓడల మాట ఎందుకని పాఠకులు అనుకోవచ్చును. మనకు సముద్రం కనబడదు గాని సంబంధం మాత్రం పాతది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు మన ప్రాంతం విశాఖపట్నం జిల్లాలో భాగమే. మహారాజా విక్రమదేవవర్మగారు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చేసిన దానం వల్ల అక్కడి సైన్సు కళాశాలకు జయపురం పేరే నిలిచింది. బైలడిలా ఇనుపరాయి మన ఊరి మీదుగానే రైలులో విశాఖ రేవుకు చేరి, అక్కడినుండి ఓడలకెక్కి జపాను వరకు పోయింది. ఆ దారినే మన పిల్లలు కూడా చదువులకు విశాఖ పోయి, కొందరు ఓడల కొలువులలో చేరుతున్నారు. కావున ఈ మాట మనకు అవసరమైనదే.

ఓడ మీద వైద్యుడు ఉండడు

ముందుగా తల్లిదండ్రులు తెలుసుకోవలసిన విషయం ఒకటున్నది. సరకుల ఓడ మీద సాధారణంగా డాక్టరు ఉండడు. 2006లో కుదిరి, 2013లో అమలులోకి వచ్చిన నావికుల కార్మిక ఒడంబడిక ప్రకారం, నూరుగురు లేక అంతకు మించిన జనంతో మూడు రోజులు దాటిన విదేశయానం చేసే ఓడకే వైద్యుడు తప్పనిసరి. సరకుల ఓడ సిబ్బంది ఇరవై, ఇరవై అయిదుగురికి మించదు. అటువంటి ఓడలో వైద్యపు శిక్షణ పొందిన అధికారి ఒకరుంటారు. చాలా ఓడలలో ఈ బాధ్యత సెకండ్ ఆఫీసరుది. మందుల పెట్టె తాళం ఆయన చేతిలో ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఓడల కోసం ప్రత్యేకంగా అచ్చువేసిన వైద్యగ్రంథం ఆయన బల్ల మీద ఉంటుంది.

కష్టమైన జబ్బు వస్తే ఆయన ఒడ్డున ఉన్న డాక్టరుతో రేడియో ద్వారానో ఉపగ్రహం ద్వారానో మాట్లాడతాడు. ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. గ్విడో గ్విడా అనే వైద్యుడు 1935లో రోమునగరంలో ఇందుకోసమే ఒక కేంద్రాన్ని స్థాపించాడు. రేడియో కనిపెట్టిన మార్కొనీయే దానికి మొదటి అధ్యక్షుడు. నేడు ఇటువంటి సలహా ఏ వేళనైనా, ఏ దేశపు ఓడకైనా ఉచితంగా లభించాలని పైన చెప్పిన ఒడంబడిక విధిస్తున్నది.

ఆ ఒడ్డునున్న డాక్టరు రోగిని కండ్లతో చూడలేడు, నాడి పట్టలేడు. ఆయనకు ఆధారం మాటలు మాత్రమే. "ఇంతకుముందు ఏ మందులు పుచ్చుకున్నాడు?" అన్నది ఆయన అడిగే మొదటి ప్రశ్నలలో ఒకటి. మనవాడు పెట్టె అడుగునుండి తీసి మ్రింగిన మాత్ర సంగతి చెప్పకపోయినా, దాని పేరు తనకే తెలియకపోయినా, ఆ డాక్టరు చీకటిలో రాయి విసిరినట్లే. సముద్రం మీద మందు చేసే కీడులో సగం, ఆ మందు సంగతి ఎవరికీ తెలియకపోవడంలోనే ఉన్నది. ఈ వ్యాసంలో చెప్పదలచిన ముఖ్యవిషయం ఇదే.

సంచి విప్పి చూద్దాం

మొదట జ్వరం మాత్ర. పారసెటమాల్ మంచి మందే. ఆరోగ్యవంతుడైన పెద్దవాడు ఒక రోజులో 4 గ్రాములకు మించి పుచ్చుకోరాదు. అంటే 500 మిల్లీగ్రాముల మాత్రలైతే ఎనిమిది, 650 మిల్లీగ్రాములవైతే ఆరు. చిక్కెక్కడ వస్తుందంటే, జలుబు మాత్రలు అనేకంలో కూడా ఇదే మందు కలిసి ఉంటుంది. జ్వరానికొకటి, జలుబుకొకటి, ఒళ్లునొప్పులకొకటి అని మూడు పేర్లతో మూడు మాత్రలు వేసుకున్నవాడు నిజానికి ఒకే మందును మూడుమార్లు మ్రింగి ఉండవచ్చును. మోతాదు మించితే దెబ్బ తినేది కాలేయం. మొదటి రోజు ఏమీ తెలియదు. తెలిసేనాటికి ఓడ నడిసముద్రంలో ఉంటుంది. మద్యపానం అలవాటున్నవారికి ఈ ప్రమాదం తక్కువ మోతాదుతోనే రావచ్చును.

తరువాత నొప్పి మాత్రలు. ఇబుప్రొఫెన్, డైక్లోఫినాక్ వంటివి బరువులెత్తే పనివాండ్రకు ప్రీతిపాత్రమైనవి. ఓడ ఇంజను గదిలో వేడి 40 డిగ్రీలు దాటడం మామూలే. అక్కడ గంటలకొద్దీ చెమటోడ్చినవాని ఒంటిలో నీరు తగ్గి ఉంటుంది. ఆ స్థితిలో ఈ మాత్రలు పుచ్చుకుంటే మూత్రపిండాలకు రక్తం తగ్గి అవి దెబ్బతినగలవు. పరగడుపున పుచ్చుకుంటే కడుపులో పుండు పడి రక్తం పోయే భయమూ ఉన్నది. భోజనం చేసి, నీళ్లు బాగా త్రాగి, ఒకటి రెండు రోజులకు మించకుండా వాడితే సరి. డెంగీ అనుమానమున్న జ్వరంలో వీటిని ముట్టరాదు. ఆస్పిరిన్ కూడా అంతే.

ఇక ఓడ ఊగితే వచ్చే వాంతికీ, తుమ్ములకూ, దురదకూ వేసుకునే మాత్రలు. ప్రోమెథజిన్, సిన్నరిజిన్, ఫెనిరమిన్, క్లోర్‌ఫెనిరమిన్ మొదలైనవన్నీ నిద్ర తెప్పించేవే. ఇంట్లో అయితే పడుకోవచ్చును. ఓడలో నడిరాత్రి 12 గంటలనుండి 4 గంటలవరకు కాపలా కాయవలసినవాడు, స్తంభమెక్కి రంగు వేయవలసినవాడు, తిరిగే యంత్రం పక్కన నిలబడవలసినవాడు కునికితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. వాంతి మాత్రను ఓడ కదలడానికి ముందుగానే, విశ్రాంతి వేళ చూసుకొని వేసుకోవాలి. వాంతులు మొదలైన తరువాత వేసుకున్న మాత్ర కడుపులో నిలవదు. మన పెద్దలు చెప్పే అల్లం, శొంఠి కూడా వికారానికి కొంతమట్టుకు పనిచేస్తవి, నిద్ర తెప్పించవు. మొదటి రెండు మూడు రోజులు గడిస్తే చాలామందికి ఒళ్లు అలవాటుపడుతుంది.

విరేచనాలకు ముందుగా కావలసినది ఓ.ఆర్.ఎస్. పొట్లం. అది దొరకనినాడు లీటరు మంచినీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొంచెం కొంచెంగా త్రాగవచ్చును. చెంచా అంటే తలకొట్టిన చిన్న చెంచా. విరేచనాలను బిగించే లోపరమైడ్ మాత్ర జ్వరమున్నప్పుడూ, రక్తం పడుతున్నప్పుడూ వేసుకోరాదు. అటువంటప్పుడు సెకండ్ ఆఫీసరుకు చెప్పుకోవడమే మార్గం. ఒక వంటశాల భోజనం తినే ఇరవైమందిలో ఒకరికి వచ్చినది మరునాటికి పదిమందికి రావచ్చును గనుక, అది దాచుకోవలసిన సంగతి కాదు.

యాంటీబయాటిక్ మాత్రలు చట్టప్రకారం డాక్టరు చీటీ మీదనే అమ్మవలసినవి. అయినా మన ఊళ్లలో అడిగితే ఇచ్చే షాపులు లేకపోలేదు. గొంతు నొప్పికి మూడు మాత్రలు వేసి ఆపేస్తే, ముదిరిన క్రిములు మిగిలి, అసలు అవసరం వచ్చినప్పుడు మందు పనిచేయదు. పెనిసిలిన్ పడనివానికి ఆ జాతి మాత్ర ప్రాణాంతకం కాగలదు. డాక్సిసైక్లిన్ పుచ్చుకొని డెక్కు మీద ఎండలో పనిచేస్తే చర్మం కమిలిపోతుంది. ఈ మందులు ఓడ పెట్టెలో ఉండనే ఉన్నవి. పిల్లవాని సంచిలో ఉండనక్కరలేదు.

కత్తిరించిన షీటు, పేరులేని పొట్లం

మన మందుల షాపులలో ఒక అలవాటున్నది. నాలుగు మాత్రలడిగితే షీటును కత్తెరతో కత్తిరించి ఇస్తారు. పేరు ఒక ముక్కలో, గడువు తేదీ మరొక ముక్కలో పోతవి. ఇంట్లో వాడే మందుకు జ్ఞాపకం సాయపడుతుంది. ఆరేడు నెలలు సముద్రం మీద ఉండి, రాత్రివేళ జ్వరంతో వణుకుతూ సంచి తడుముకునే కుర్రవానికి ఏ జ్ఞాపకం సాయపడుతుంది? ఓడకు పోయే మందు నిండు షీటుగానే కొనాలి, అట్టపెట్టెతోనే ఉంచాలి.

అంతకంటె చెడ్డది పేరులేని పొట్లం. కొందరు వైద్యులు రెండు మూడు రకాల మాత్రలు కాగితంలో చుట్టి ఇస్తారు. వేసుకోగానే ఒళ్లునొప్పులు మాయమవుతవి. అట్టి పొట్లాలలో స్టెరాయిడు మాత్ర ఉండడం కద్దు. వారాల తరబడి వేసుకొని చప్పున మానివేస్తే నీరసం, వాంతులు, రక్తపోటు పడిపోవడం జరుగుతవి. దానికి కారణమేమో ఒడ్డునున్న డాక్టరుకు బోధపడదు. పేరు తెలియని మందును ఓడెక్కించనే వద్దు.

మన జ్వరం, రేవు జ్వరం

జయపురంవాసులకు చలిజ్వరం పాత చుట్టం. మన కొండల మలేరియాను గురించి 1914లోనే పెర్రీ అనే వైద్యాధికారి శాస్త్రవ్యాసం వ్రాశాడు. 1930ల దశకంలో సీనియర్ వైట్ అనే శాస్త్రజ్ఞుడు ఇక్కడి దోమలను పరిశోధించాడు. ఈ పరిచయం వల్ల మనకొక ధీమా ఏర్పడినది. వణుకు వస్తే క్లోరోక్విన్ వేసుకుంటే పోతుందిలే అని. ఆ ధీమాతోనే కొందరు ఆ మాత్రలను పిల్లవాని సంచిలో పెడతారు.

ఇది సరిదిద్దుకోవలసిన భావం. మలేరియాలో ప్రాణం తీసే రకం ఫాల్సిపారం. దానిమీద క్లోరోక్విన్ బలం ఏనాడో తగ్గిపోయింది. మన దేశంలో కూడా ఇప్పుడు ఆ రకానికి ఆ మందు ఇవ్వరు. పశ్చిమాఫ్రికా రేవులలో ఎక్కువగా ఉండేది ఈ రకమే. రేవులో దోమ కుట్టిన తరువాత ఒకటి రెండు వారాలకు గాని జ్వరం రాదు. అప్పటికి ఓడ నేల విడిచి ఎంతో దూరం పోయి ఉంటుంది. సరైన మందు వెంటనే పడకపోతే ఒకటి రెండు రోజులలోనే ప్రాణం మీదికి రావచ్చును. తెలిసిన మాత్రే గదా అని వేసుకొని, ఎవరితోనూ చెప్పక గదిలో పడుకున్న ఆ ఒక్క రోజే అమూల్యమైన రోజు. కొండల్లో పుట్టినవాడనే రక్షణ కూడా నమ్మదగినది కాదు. చిన్ననాట పొందిన నిరోధశక్తి, ఊరు విడిచిన కొంతకాలానికి సన్నగిల్లుతుంది.

ప్రైమాక్విన్ అనే మరొక మలేరియా మందు సంగతి కూడా తెలియాలి. రక్తంలో జి-6-పి-డి అనే ఎంజైము తక్కువగా ఉన్నవారికి అది ఎర్రకణాలను పగులగొడుతుంది. తన ఒంటిలో ఆ లోపం ఉన్నదో లేదో ఓడెక్కకముందే రక్తపరీక్ష వల్ల తెలుసుకోవచ్చును. ఆఫ్రికా పోయే ఓడలో ముందుజాగ్రత్తగా వేసుకోవలసిన మాత్రలేవో కంపెనీ వైద్యుడు నిర్ణయిస్తాడు. వాటిని రేవు దాటిన తరువాత కూడా ఆయన చెప్పినన్ని రోజులు వేసుకోవాలి, మధ్యలో మానరాదు.

బలానికి మందులు

ఓడకూ బలపు మందుకూ పాత స్నేహమే. 1747లో జేమ్స్ లిండ్ అనే స్కాట్లండు దేశపు నౌకావైద్యుడు, చిగుళ్లు వాచి రక్తం కారే స్కర్వీ రోగులు పన్నెండుగురిని ఇద్దరిద్దరుగా విడదీసి, ఆరు రకాల చికిత్సలు చేశాడు. రోజుకు రెండు నారింజలు, ఒక నిమ్మపండు తిన్న ఇద్దరూ ఆరు రోజులలో తేరుకున్నారు. అయినా బ్రిటిషు నౌకాదళం నిమ్మరసాన్ని నావికులందరికీ ఇవ్వడం మొదలుపెట్టినది 1795లో.

బియ్యం తినే మనకు జపాను కథ మరీ దగ్గరిది. 1882లో బయలుదేరిన ర్యూజో అనే యుద్ధనౌకలో 376 మందికి గాను 169 మందికి బెరిబెరి వచ్చి 25 మంది చనిపోయారు. తకాకి అనే నౌకావైద్యుడు 1884లో త్సుకుబా అనే ఓడను అదే దారిన పంపి, తెల్ల బియ్యం తగ్గించి మాంసం, బార్లీ మొదలైనవి పెట్టించాడు. ఈసారి జబ్బుపడినవారు 14 మంది మాత్రమే, ఒక్కరూ చనిపోలేదు. ఇదే బెరిబెరి మన ఉత్తర సర్కారులలో ఉన్నదని మాల్కంసన్ అనే వైద్యుడు 1835లోనే మద్రాసులో గ్రంథం ప్రచురించాడు.

ఈ కథలలో రోగం కుదిర్చినది ఆహారమని గమనించండి. నేటి ఓడలలో శీతలపు గదులున్నవి. కూరలు, పండ్లు, గుడ్లు దొరుకుతవి. అవి సరిగా తినేవానికి విటమిను సీసాలు సాధారణంగా అవసరముండవు. ఎ, డి విటమినులు ఎక్కువైతే ఒంటిలో పేరుకొని కీడు చేస్తవి. శాకాహారులైన కుటుంబాలలో బి-12 తక్కువగా ఉండడం కద్దు. పాలు, పెరుగు కూడా సరిగా దొరకని ఓడలో అది ఇంకా తగ్గవచ్చును. అదైనా రక్తపరీక్ష చేయించి, డాక్టరు చెబితే వాడవలసినదే.

కండలు పెంచే పొడులు, బరువు తగ్గించే మాత్రలు కుర్రవాండ్రకు ఆకర్షణ. వాటిలో కొన్నిటిలో పేరు వ్రాయని స్టెరాయిడులు, గుండెను పరుగెత్తించే మందులు కలిపి అమ్ముతున్నట్లు అనేక దేశాల తనిఖీలలో బయటపడినది. మన రసౌషధాలలో సీసము, పాదరసము ఉండవచ్చును. అమెరికాలోని బోస్టను దుకాణాలలో కొన్న 70 ఆయుర్వేదపు మందులను పరీక్షించగా 14 రకాలలో భారలోహాలు కనబడినట్లు 2004లో ప్రకటించారు. ఆయుర్వేదాన్ని తప్పుపట్టడం ఇక్కడ ఉద్దేశం కాదు. ఎదుట కూర్చుని నాడి చూసే వైద్యుడు లేనిచోట అటువంటి మందు తగదు. సంతలో కొన్న వేరు, పేరులేని చూర్ణం సంగతి కూడా అంతే.

రేవు రేవుకూ ఒక చట్టం

మన పిల్లలు చాలావరకు విమానంలో పోయి దుబాయిలోనో సింగపూరులోనో ఓడెక్కుతారు. అక్కడి కస్టమ్సువారు పెట్టె విప్పుతారు. మనదేశంలో చీటీతో దొరికే కొడీను దగ్గుమందు, ట్రమడాల్ నొప్పి మాత్ర, ఆల్ప్రజోలాం నిద్రమాత్ర ఎమిరేట్సులో కట్టుదిట్టమైన చట్టం కిందికి వస్తవి. జపానులో సూడోఎఫెడ్రిన్ నూటికి 10 పాళ్లు మించిన జలుబు మందులు నిషిద్ధం. తెలియక తెచ్చానన్న మాట అక్కడ చెల్లదు.

అమ్మలు తప్పక గుర్తుంచుకోవలసినది గసగసాల సంగతి. మనం మసాలాలో నూరుకునే గసగసాలు ఎమిరేట్సులోనూ సింగపూరులోనూ నిషేధించిన వస్తువు. మసాలా పొడిలో కలిసినా చిక్కే. పైగా గసగసాలు తిన్నవానికి మూత్రపరీక్షలో నల్లమందు జాడ కనబడవచ్చును. ఓడలలో ఇటువంటి పరీక్షలు చెప్పకుండా చేస్తారు. భంగు కలిసిన లేహ్యాలు, గుళికలు కూడా అటువంటివే. వాటి జాడ ఒంటిలో రోజులకొద్దీ, అలవాటున్నవారికి వారాలకొద్దీ నిలిచి ఉంటుంది. అరిష్టాలు, ఆసవాలు పులిసి తయారయ్యేవి. వాటిలో నూటికి 5 మొదలు 12 పాళ్ల వరకు మద్యసారం ఉంటుంది. కాపలా కాసే నావికుని రక్తంలో నూటికి 0.05 పాళ్లు మించి మద్యసారం ఉండరాదని 2010లో సవరించిన అంతర్జాతీయ నియమం. అనేక కంపెనీలు బొత్తిగా ఉండరాదంటవి. అమ్మమ్మ ఇచ్చిన జీర్ణపు మందు వల్ల పిల్లవాని ఉద్యోగం పోవడం ఎవరికి ఇష్టం?

సంచిలో ఏమి పెట్టాలి?

చాలా కొద్ది చాలును. పారసెటమాల్ ఒకే రకం, నిండు షీటుగా. ఓ.ఆర్.ఎస్. పొట్లాలు పది. ఓడ కొత్తైతే, డాక్టరునడిగి వాంతి మాత్ర ఒక రకం. బి.పి., షుగరు, ఉబ్బసం వంటి జబ్బుకు రోజూ వాడే మందులుంటే ఒప్పందకాలమంతటికీ, ఆపైన ఒక నెలకూ సరిపడా, డాక్టరు చీటీతో సహా పెట్టాలి. ఆ చీటీ ఇంగ్లీషులో, మందు అసలు పేరుతో ఉండాలి. ఎక్కువ మోతాదులో మందులు తీసుకుపోవడానికి ముందే అనుమతి కోరే దేశాలున్నవి గనుక కంపెనీని విచారించాలి.

వీటన్నిటికంటె ముఖ్యమైనది ఒక కాగితం. దానిమీద పిల్లవాని రక్తవర్గం, పడని మందులు, ఉన్న జబ్బులు, సంచిలోని ప్రతి మందు పేరు, మోతాదు వ్రాసి రెండు ప్రతులు చేయండి. ఒకటి సంచిలో ఉండాలి, రెండవది ఓడెక్కిన రోజుననే సెకండ్ ఆఫీసరుకు ఇవ్వాలి. వైద్యపరీక్షలో షుగరునో మూర్ఛనో దాచిపెట్టమని బిడ్డకు ఏ పెద్దా సలహా చెప్పకూడదు. ఉద్యోగం నిలబెట్టడానికి దాచిన జబ్బు, దాచి మ్రింగిన మాత్ర, నడిసముద్రంలో రెండింతల ప్రమాదమవుతవి. ఓడ మీద వైద్యానికి నావికుడు పైసా చెల్లించనక్కరలేదు. అడగడానికి సిగ్గుపడవలసిన పనీ లేదు.

ఇంటినుండి ఫోను చేసినప్పుడు "తిన్నావా నాయనా?" అని అడుగుతాం. "ఒంట్లో బాగులేదమ్మా" అని వాడంటే వెంటనే "ఆ మాత్ర వేసుకో" అనేస్తాం. ఆ మాటకు ముందు "ఆఫీసరుగారితో చెప్పావా?" అని అడగడం నేర్చుకుందాం. కొండల మధ్య కూర్చున్న మన చేయి సముద్రం దాకా చాచలేము. సరైన ప్రశ్నను మాత్రం అంత దూరమూ పంపగలం.